వెనక గదికి కిటికీ

పందొమ్మిది వందల ముప్పైల్లో నేను కాపురానికి వచ్చిన ఏలూరి ఇంట్లో మా ఆయన చెయ్యి పడని చోటు లేదు. చేసేది తాలూకా ఆఫీసులో గుమాస్తా పని, మనసు మాత్రం మేస్త్రీది. వంటింటికి పొగగూడు పెట్టించారు. నడవ కప్పులో గాజుపెంకు వేయించి పగటిపూట దీపం పని లేకుండా చేశారు. ముందు గదిలో ఏలూరులోనే నేసిన తివాచీ పరిచి, దాని మీద ఎవరు కాలు పెట్టినా కళ్లెర్ర చేసేవారు. "కూర్చోవడానికి కాకపోతే ఇంకెందుకండీ, పూజ చెయ్యడానికా?" అని నేను దెప్పితే వినపడనట్టు తివాచీ అంచు సర్దుకునేవారు.

ఆయన ముట్టుకోనిది ఒక్క వెనక గదినే. తలుపు తప్ప దానికి గాలి వచ్చే దారి లేదు.

నాది రెండో సంబంధం. మొదటావిడ పుట్టింట్లో, పురిట్లో పోయిందని పెళ్లికి ముందు మా వాళ్లకి చెప్పారు. నాకు తల్లి లేదు కాబట్టి పురుడు అత్తవారింట్లోనే అని తేలింది, అదీ ఆ వెనక గదిలో. నెలలు నిండుతుండగా నా మంచం అక్కడ వేశారు. లోపల అడుగు పెడితే చాలు, గుండె మీద ఎవరో కూర్చున్నట్టుండేది. ఈ గదిలోంచి నేనూ నా బిడ్డా బయటికి రామేమోనని నిజంగానే భయపడ్డాను.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అనేశాను. "ఏవండీ, ఈ గదిలో ఊపిరాడటం లేదు. ఓ చిన్న కిటికీ పెట్టించండి."

గోడకి మేకు కొట్టాలన్నా గంటసేపు వాదించే మనిషి వెంటనే సరేనన్నారు. మొహం పాలిపోయింది. మర్నాడే తాడేపల్లిగూడెం రైలెక్కి, పాత టేకు కిటికీ ఒకటి కొని తెచ్చారు. మా అత్తగారు గణపవరంలో కూతురి దగ్గర ఉన్నారు. ఆవిడ వచ్చేలోపు పని అయిపోవాలని ఆయన తొందర. గోడ మీద సుద్దతో గుర్తు కూడా తానే గీశారు.

తాపీమేస్త్రీ గునపం వేశాడో లేదో ఇటుకలు వాటంతటవే ఊడి రావడం మొదలుపెట్టాయి. అతను చెయ్యి ఆపేశాడు.

"ఇది ఇదివరకే ఓసారి తీసి పూడ్చిన గోడండీ, అమ్మగారూ. చుట్టూ సున్నంతో కట్టారండీ, ఇక్కడ ఒట్టి బంకమట్టి. బాగా కంగారు మీద పూడ్చేరండీ."

చూస్తే నిజమే. వేరే రంగు పూడిక నేల దగ్గర మొదలై, మనిషి వంగి దాటేంత ఎత్తు ఉంది. తలుపనుకుందామంటే ద్వారబంధం ఉన్న గుర్తు లేదు. రాలిన మట్టిలో ఆకుపచ్చ గాజుముక్క ఒకటి కనిపిస్తే తీశాను. నా చేతులు చూసుకున్నాను. నా గాజులేవీ చిట్లలేదు. ఆయన ఆ ముక్కని నా చేతిలోంచి మెల్లగా తీసుకుని జేబులో వేసుకున్నారు.

కిటికీ బిగించారు. గాలి వచ్చింది, కొల్లేటి నాచు వాసనతో. దానితో పాటు పసుపు వాసన కూడా వచ్చేది, ఎవరో అప్పుడే తలంటుకుని వచ్చి అవతల నిలబడ్డట్టు. గడియ వేసి వంటింట్లోకి వెళ్లి వస్తే రెక్క తెరిచి ఉండేది. మొదట ఆయన్ని అనుమానించాను. ఆయన ఆఫీసులో ఉన్నప్పుడూ అలాగే అవుతుంటే, ఇక అనుమానించడానికి ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

అత్తగారు వచ్చారు. నడవలోంచే వెనక గదిలో వెలుతురు చూసి చేతిలో సంచీ వదిలేశారు.

"ఎంత పని చేశావురా! దాన్ని పంపించిన దారే తెరిచావా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మొదటావిడ పోయింది పుట్టింట్లో కాదు, ఈ గదిలోనే. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. పోయిన వేళకి నక్షత్రం మంచిది కాదు. అలా పోయినవారిని గడప దాటించకూడదని గోడ పగలగొట్టి తీసుకెళ్లారు. మళ్లీ దారి దొరక్కూడదని వెంటనే పూడ్చేశారు. ఆ గోడ పక్కనే నా మంచం వేశారు! భయం కంటే ఎక్కువగా కోపం వచ్చింది. "నాకెందుకు చెప్పలేదండీ?" అని ఇద్దర్నీ నిలదీశాను.

అత్తగారు నా కడుపు వంక చూశారు. "రేపే పూడ్పించెయ్యి నాయనా. బిడ్డ కోసం వస్తుందిరా అది."

ఆయన నేలకేసి చూస్తూ అన్నారు. "పూడ్పించనమ్మా. తెలిసే అక్కడ గీశాను. అప్పట్లో అదీ నన్ను అడిగింది, ఈ గదిలో ఊపిరాడటం లేదండీ, ఓ చిన్న కిటికీ పెట్టించండీ అని. ముందు గది పని అయ్యాక చూద్దాంలే అన్నాను."

అవి నా మాటలే. నేను అనకముందే ఈ ఇంట్లో ఒకరు అనేసిన మాటలు.

ఇక తేల్చవలసింది నేనే, అక్కడ పడుకునేది నేను కాబట్టి. పూడిస్తే నాకు ఊపిరాడదు. ఉంచితే ఆవిడ వస్తుంది. చచ్చేంత భయంగా ఉంది. అయినా, అడిగింది దక్కకుండా వెళ్లిపోయిన మనిషి మొహాన రెండోసారి గోడ కట్టించడానికి మనసొప్పలేదు.

"ఉండనివ్వండి," అన్నాను.

నొప్పులు పట్టపగలే వచ్చాయి. అత్తగారు కిటికీ గడియ వేసి, దానికి వీపు ఆనించి కూర్చున్నారు. నేను ఊపిరి బిగబట్టి వదిలినప్పుడల్లా, ఆవిడ వెనకాల మరెవరో అలాగే వదలడం వినిపించింది. మంత్రసాని కూడా తల తిప్పి చూసింది. పొద్దు వాలుతున్నా బిడ్డ రాలేదు, నా కళ్లు మూతలు పడుతున్నాయి. అత్తగారు కాసేపు నన్నే చూసి లేచారు. తన చేత్తోనే గడియ తీసి రెక్కలు రెండూ బార్లా తెరిచారు. గదంతా పసుపు వాసన నిండిపోయింది. ఆడపిల్ల పుట్టింది.

పురుడు వెళ్లిన నాడు నా కోసం తెచ్చిన కొత్త చీరని అత్తగారు ముందు కిటికీ గట్టు మీద పెట్టారు. ముత్తయిదువుగా పోయినావిడకి చూపించకుండా నేను కట్టుకోకూడదు. ఆయన జేబులోంచి గాజుముక్క తీసి చీర పక్కన ఉంచారు.

"గాలి బాగా వస్తోందా తల్లీ?" అని అడిగారు అత్తగారు.

"వస్తోందండీ," అన్నాను.

ఆవిడ కిటికీ అవతలికి చూస్తున్నారు. నా వైపు చూడనేలేదు.