గట్టయ్య పదో కుర్చీ

బాబుపేట్‌లో టెంట్ హౌస్ నడిపే గట్టయ్య మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టడు, రైలు స్టేషన్లతో లెక్కపెడతాడు. వేలు ఎత్తి ఒక్కో మనిషికి ఒక్కో స్టేషన్ అంటగట్టుకుంటూ పోతాడు. సిర్పూర్, మాకుడి, విరూర్, మాణిక్‌గఢ్, బల్లార్షా, బాబుపేట్, చాందా, తడాలి, భాందక్, మాజ్రి. మాజ్రి అంటే పదో మనిషి. మాజ్రి వస్తే గాని ఏ ఇంటి ముందూ పాడె లేవనివ్వడు. "మోసేటందుకు నలుగురు చాలు గదా" అని ఎవరైనా విసుక్కుంటే, "మోసేటందుకు నలుగురు. సాగదోలేటందుకు పది" అంటాడు. పదో మనిషి దొరక్కపోతే రోడ్డున పోయే ఆటో ఆపి డ్రైవర్ని దింపుతాడు. ఒకసారి కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడు భాందక్ అయ్యాడు, పాలు పోయడానికి వచ్చినవాడు మాజ్రి అయ్యాడు. చచ్చినవాడి పేరేమిటో ఆ ఇద్దరికీ తెలియదు.

ఈ పిచ్చి అతనికి బహ్రెయిన్‌లో పట్టింది. మనామాలో హస్కేల్ సేఠ్ అని ఒక బట్టల వ్యాపారి. యూదుడు. గట్టయ్య ఆయన ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేశాడు. ఊరంతా ముస్లింలు, యూదులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పది మంది మగవాళ్లు కూడితే తప్ప వాళ్ల ప్రార్థనలో కొన్ని మాటలు పైకి అనకూడదట. ఆ పది మందినీ ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదట. పది మాటలున్న వాక్యం ఒకటి చదువుతూ మనిషికో మాట అనాలట. శుక్రవారం సాయంత్రం పది కుర్చీలు వేయడం గట్టయ్య పని. ఆ వాక్యానికి అతని నోరు తిరగలేదు. సొంతూరు విరూర్ మీదుగా పోయే రైలు స్టేషన్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా తప్పడు, అందుకని వాటితోనే లెక్కపెట్టేవాడు.

కుర్చీలు నిండేవి కావు. సేఠ్ వాళ్లలో కొందరు లండన్ పోయారు, కొందరు మట్టిలోకి పోయారు. వీధి చివర చాయ్ అమ్మే యూసుఫ్ భాయ్ మాత్రం వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవాడు. "నన్ను లెక్కల పట్టరు, నాకు ఎరికే. సేఠ్ ఒక్కడు కూసుంటే బాగుండదు గదా" అనేవాడట. సేఠ్ పోయిననాడు వాళ్లలో తొమ్మిది మందే కూడారు. భాందక్ కాడ బండి ఆగిపోయింది. పొద్దుగూకేదాకా చూసి, ఆ మాటలు అనకుండానే సేఠ్‌ను మట్టిచేశారు. గట్టయ్య ఏ కథ చెప్పినా నవ్వుతూ చెబుతాడు గాని ఇక్కడికి వచ్చేసరికి నవ్వడు.

బాబుపేట్‌కు ఇంత కథతో పనిలేదు. గట్టయ్య నోట మాజ్రి రాగానే ఎవరో ఒకరు ఇల్లు వదిలిపోతున్నారు, అంతే వాళ్లకు కనబడింది. అందుకని లెక్కను తిరగేసుకుని, మాజ్రి వస్తే చావు వస్తుందని నిర్ణయించేశారు. పెళ్లి పందిట్లో గట్టయ్య వేలు ఎత్తితే సగం మంది మంచినీళ్ల నెపం మీద లేచిపోతారు.

పిండి గిర్నీ నడిపే నిర్మల ఇలాంటివి నమ్మేది కాదు. ఆ వేలు తన గడప వైపు తిరిగాక నమ్మింది.

నిర్మల అత్త మల్లమ్మ అప్పటికే మంచాన పడి ఉంది. జ్వరం తగ్గింది, మనిషి లేవలేదు. ఒంట్లో ఏ రోగమూ లేదని డాక్టర్ చెప్పాడు. మల్లమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అసలే ఆమె నోటికి జడిసి వీధి వీధంతా దూరంగా ఉండేది. నిర్మలకు మాత్రం అత్త నోరే ప్రాణం. గిర్నీ పట్టడం నేర్పింది ఆ తిట్లే. అత్త తిట్టని రోజు నిర్మలకు అన్నం సయించదు. మంచం ఎక్కాక మల్లమ్మ తిట్టడం మానేసింది, అదే నిర్మలను భయపెట్టింది.

ఒక మునిమాపు వేళ గట్టయ్య తోపుడుబండి మీద ఎర్ర కుర్చీలు తెచ్చాడు. కరెంటు కార్ఖానా పొగ వీధి మీదికి దిగుతోంది. చిరుత తిరుగుతోందన్న పుకారుకు అప్పటికే తలుపులన్నీ మూసుకున్నాయి. అతను పది కుర్చీలూ మల్లమ్మ తలుపుకు ఎదురుగా వేసి, ఖాళీ కుర్చీల మీదుగా వేలు తిప్పుతూ స్టేషన్లు గొణిగాడు.

"ఏంది మామా ఇది? మా ఇంట్ల ఎవరు పోయిండ్రని?" అంది నిర్మల.

"ఎవరు పోలే బిడ్డా. ఉండనియ్."

"నువ్వు తీస్కపోతవా, నేను పారెయ్యాల్నా?"

"కిరాయి అడుగుతలేను గదా" అని బండి తోసుకుంటూ పొగలోకి వెళ్లిపోయాడు. కుర్చీలు మాత్రం తలుపునే చూస్తూ ఉండిపోయాయి.

పక్కింటి ప్రతిభ కిటికీ సందులోంచి హెచ్చరించింది. "పది నిండకుండ చూస్కో నిర్మలా. నిండినయంటే ఇగ మీ అత్త దక్కది."

నిర్మల ఒక కుర్చీ ఎత్తుకుపోయి ఇంటి పక్కనే ఉన్న గిర్నీలో గోధుమ సంచుల వెనక దాచింది. తొమ్మిది కుర్చీలుంటే పదో మనిషి ఎక్కడ కూర్చుంటాడని ఆమె తెలివి.

తెల్లారి చీపురు పట్టుకుని వాకిట్లోకి వస్తే కుర్చీలు పది ఉన్నాయి. గిర్నీ గుమ్మం నుంచి పదో కుర్చీ దాకా నేల మీద తెల్లటి అడుగులు. చిన్న పాదాలు, ఎడమది ఈడ్చినట్టుంది. కుర్చీ దాకా వచ్చిన అడుగులు తిరిగి ఎటూ పోలేదు. కుర్చీ చేతుల మీద పిండి వేళ్ల గుర్తులున్నాయి. నిర్మల గబగబా ఆ అడుగులు ఊడ్చేసింది. మొగుడు మధుకర్‌కు చెబుదామంటే గనిలో డ్యూటీ.

ఆ సాయంత్రం కుర్చీ మళ్లీ దాచి, గిర్నీకి తాళం వేసి, తాళంచెవి ఎప్పట్లాగే అత్త దిండు కింద పెట్టింది. తెల్లారేసరికి తాళం వేసినట్టే ఉంది, చెవి దిండు కిందే ఉంది, కుర్చీ మాత్రం వాకిట్లో ఉంది. అడుగులు ఈసారి ఇంకా తెల్లగా ఉన్నాయి.

ఇలాంటి సంగతి దాగుతుందా? దయ్యాన్ని చూద్దామని ఒకరొకరే రావడం మొదలుపెట్టారు. ఎంతసేపని నిలబడతారు, ఎదురుగా కుర్చీలున్నాయాయె. ముందు సైకిల్ రిపేరు వినాయక్ కూర్చున్నాడు, అతను బతికే ఉన్నాడని చూసుకుని ప్రతిభ కూర్చుంది. రోజురోజుకూ బండి ఒక్కో స్టేషన్ దాటుతోంది.

"చిరుత తిరుగుతున్నదట. ఇండ్లకు పోండ్రి" అని నిర్మల అందర్నీ అదిలించింది.

"దాన్ని గూడ రానియ్. కూసుంటే లెక్కల పడ్తది" అన్నాడు గట్టయ్య.

ఆఖరికి ఒక సాయంత్రం తొమ్మిది కుర్చీలు నిండాయి. పదో కుర్చీ ముందు నిర్మల చేతులు చాపి నిలబడింది. కాళ్లు లాగుతున్నా కూర్చోలేదు. తానే కూర్చుంటే తానే మాజ్రి, తన అత్తను తానే చంపుకున్నట్టు. గట్టయ్య వేలు మెల్లగా జరుగుతోంది. చాందా. తడాలి. భాందక్. అక్కడ ఆగింది. అందరి చూపూ ఖాళీ కుర్చీ మీద పడింది.

లోపల ఏదో ఈడ్చిన చప్పుడైంది. తలుపు కిర్రుమంది. దుప్పటి కప్పుకున్న ఆకారం గోడ పట్టుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. "అరే దేవా" అన్నాడు వినాయక్ నోట్లోనే. ఆకారం నిర్మల చేతిని ఒక్క తోపు తోసి పదో కుర్చీలో కూలబడింది. దుప్పటి కింద కనిపించిన మడమల పగుళ్ల నిండా గోధుమపిండి ఉంది.

"ఏం చూస్తవే?" అంది మల్లమ్మ. "నువ్వు దాస్తవ్, నేను గుంజుకొస్త, కుర్చీల కూసోని కాళ్లు దులుపుకొని లోపలికి పోత. ముసల్దానికి అడ్డం గన్ని సంచులు పెడ్తరా ఎవరన్న?"

"నువ్వా అత్తా? లేవలేనంటివి గదా?"

"లేసి ఏం జెయ్యాలె? ఎవరొస్తుండ్రని?"

గట్టయ్య వేలు దించాడు. "మల్లక్కది జ్వరం గాదు బిడ్డా. నన్ను పిల్చి అడిగింది, నేను పోతే నా ముందర పది మందన్న కూసుంటరా గట్టయ్యా అని. హస్కేల్ సేఠ్ గూడ గిట్లనే అడిగిండు. వస్తరు సేఠ్ అన్న. రాలే. ఈసారి మాట చెప్పుడు గాదు, అక్క బతికుండంగనే కూసోబెడ్తా అనుకున్న."

"నాకొక మాట చెప్తే అయిపోతుండె గదా మామా."

"చెప్పొద్దని ఒట్టు పెట్టింది. నువ్వు పోయి అందర్ని పిల్చుకొస్తవట. పిలిస్తే వచ్చినోళ్లు లెక్కల రారట."

నిర్మలకు సిగ్గుతో ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది. అత్త ఎవరికోసం ఎదురుచూస్తోందో వాళ్లనే తాను ఇన్నాళ్లూ తరిమింది.

వినాయక్‌కు ఒక అనుమానం. "సేఠ్ లెక్కల ఆడోళ్లు లేకుండ్రి గదా. మరి మల్లక్క ఎట్ల మాజ్రి అయితది?"

"సేఠ్ లెక్క సేఠ్‌ది. మన బండికి లేడీస్ డబ్బా ఉంటది" అని గట్టయ్య వేలెత్తి "మాజ్రి" అన్నాడు.

అందరూ మల్లమ్మ వైపు చూశారు. ఆమె అందరినీ వరసగా ఒకసారి చూసింది.

"అందరు నా మొకం ఏం జూస్తుండ్రు? చాయ్ ఏదే నిర్మలా? ఏ వినాయక్, తీస్కపోయిన జల్లెడ ఇచ్చేది లేదా? దాన్తోని సైకిల్ చక్రం గిట్ల చేసినవా?"

నిర్మల చాయ్ తెచ్చి అందరికీ ఇచ్చి నిలబడింది. గట్టయ్య తోపుడుబండి మీంచి ఇంకో కుర్చీ దింపి ఆమె ముందు వేశాడు. ఆమె ఇంకా జంకుతూనే ఉంది.

"మాజ్రి తర్వాత ఏం స్టేషన్ మామా?"

"వరోరా."

"అంటే బండి మాజ్రిల ఆగిపోదా?"

"ఎందుకు ఆగిపోతది బిడ్డా? నాగ్‌పూర్ దాక పోతది."

నిర్మల కూర్చుంది.

"జర జరుగు, గాలొస్తలేదు. దున్నపోతు లెక్క అడ్డం కూసున్నది" అంది మల్లమ్మ. ఆ పూట నిర్మల కడుపునిండా అన్నం తింది.