ఇరవై ఏడు దగ్గర ఆగింది

నాకు ముక్కు మీద కోపం. మర్రిగూడలో నా దుకాణానికి ఒక్కసారి వచ్చిన వాళ్లెవరిని అడిగినా ఈ మాటే చెప్తారు. జిరాక్స్, ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు నా పని. ఉన్నదల్లా ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. కంప్యూటరుకు ఏ రోగమొచ్చినా నా దగ్గర ఒకటే మందు: ప్లగ్గు పీకి, పది దాకా లెక్కపెట్టి, మళ్లీ పెట్టడం. చాలాసార్లు పనిచేసేది. "అన్న చెయ్యి వడితే చాలు, నడుస్తది" అని జనం అంటుంటే మీసం మెలేసేవాణ్ని.

రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్లకు నా పాత ఆపరేటింగ్ సిస్టం మీద సర్కారు వెబ్‌సైట్లు తెరుచుకోవడం మానేశాయి. తప్పనిసరై నల్గొండ నుంచి మెకానిక్‌ను పిలిపించి కొత్తది ఎక్కించాను. మొదటి రెండు రోజులూ దాన్ని తిట్టని తిట్టు లేదు. అన్నీ ఉన్నచోట లేవు, ఏది నొక్కితే ఏది తెరుచుకుంటుందో తెలియదు. నిజం చెప్పొద్దూ, మూడో రోజుకే దాని మీద మనసు పడింది. ప్రింటరును ఏ సీడీ అడక్కుండా అదే గుర్తుపట్టింది. తెలుగు టైపు చేయడానికి వేరే సరంజామా అక్కర్లేకపోయింది. అబ్బ, ఎవడు చేశాడో గానీ వాడి చేతికి దండం పెట్టాలి అనుకున్నాను.

ఒక్కటే నచ్చలేదు. రోజూ తెర మూలన ఒక చీటీ కనిపించేది: అప్‌డేట్లు వచ్చాయి, రీస్టార్ట్ చేయమంటారా అని. నా దుకాణంలో ఎప్పుడేం చేయాలో నాకు ఇది చెప్పేదేమిటని 'తర్వాత' మీద నొక్కేవాణ్ని. అలా వారం రోజులు నొక్కాను.

ఆ వారం చివర్లో అంగన్‌వాడీ టీచరు పోస్టుకు దరఖాస్తుల ఆఖరు రోజు వచ్చింది. సాయంత్రం అయిదింటికి వెబ్‌సైటు మూసేస్తారు. వచ్చినవాళ్లలో పక్క ఊరి గొర్ల కాపరుల ఇంటామె ఒకతె ఉంది. మంద వెంట తిరుగుతూనే ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసయింది. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో, ఆ కవరు కొంగులో చుట్టి తెచ్చింది.

"అన్నా, గిది తప్పితే నాకు మళ్ల లేదు. వచ్చే నెలకు వయసు దాటిపోతది" అంది.

ఆమె వంతు వచ్చేసరికి మూడయింది. సగం ఫారం నింపాను. అంతలో ఒక పెద్దమనిషి తన ప్రింటు ఇంకా రాలేదని గొడవ పెట్టాడు. చూస్తే ప్రింటరు కదలడం లేదు. నేను ఆలోచిస్తే కదా! అలవాటు కొద్దీ కంప్యూటరును రీస్టార్ట్ చేశాను. తెరంతా నీలంగా మారింది. అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటరు ఆపవద్దు అని ఇంగ్లిషులో రెండు లైన్లు. కింద ఒకటి, రెండు, మూడు శాతం అని అంకెలు పెరగసాగాయి.

ఆమెను ఊళ్లో ఉన్న ఇంకో ఆన్‌లైన్ సెంటరుకు వెళ్లమన్నాను. వెళ్లి చూసొచ్చి, "ఆడ లైను రోడ్డు దాకున్నది, అయిదింటికి నా వంతు రాదు. ఈడనే కూసుంట" అంది.

అంకె ఇరవై ఏడు దాకా వచ్చి ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. కదలదు. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. ఆ పెద్దమనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది. తిట్టడానికి మాటలు కూడా అయిపోయాయి. ఇక లాభం లేదని వంగి ప్లగ్గు మీద చెయ్యి వేశాను.

"ఆగన్నా!" అని ఆమె అరిచింది. "ఆ తెర మీద ఏం రాసిండ్రు?"

"ఆపొద్దని రాసిండ్రు. రాస్తే? అరగంట నుంచి కదుల్తలేదు గదమ్మా!"

"కదుల్తలేదని నువ్వెట్ల జెప్తవ్? లోపల కదుల్తుండొచ్చు. గొర్రె ఈనేటప్పుడు గిట్లనే ఆగుతది. సూసేటోనికి ఏం జరగనట్టే ఉంటది. అప్పుడు గుంజితే తల్లి పోతది, పిల్ల పోతది. చెయ్యి తియ్యన్నా."

దుకాణం నాది, కంప్యూటరు నాది. కానీ పోయేది ఆమె ఉద్యోగం. ఆమే ఆగమంటుంటే నేను పీకేది ఎట్లా? చెయ్యి తీశాను. ఆమె తన రెండు చేతులూ చంకల్లో గట్టిగా దోపుకుని తెరనే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు. నేను మాత్రం దాన్ని తప్ప ఇంకేమీ చూడలేదు.

నాలుగూ పదికి ఇరవై ఏడు కాస్తా నలభై అయింది. ఆ తర్వాత చకచకా నడిచింది. నాలుగున్నరకు తెర తెరుచుకుంది. ఫారం మొదటి నుంచి నింపాను. తొందరలో ఆమె ఇంటిపేరు రెండుసార్లు తప్పు కొట్టాను. అయిదుకు ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా దరఖాస్తు అందినట్టు రసీదు వచ్చింది. ప్రింటరు కూడా, దాని దుంపతెగ, బుద్ధిగా పనిచేసింది.

కొన్ని నెలలకు ఆమె పేడాల డబ్బా పట్టుకుని దుకాణం మెట్లెక్కింది. ఉద్యోగం వచ్చిందట. నా సంతోషం ఇంతా అంతా కాదు, రెండు పేడాలు ఒకేసారి నోట్లో పెట్టుకున్నాను. అప్పుడడిగాను.

"ఆ దినం నీకు భయం గాలేదా చెల్లే? నేనైతే సచ్చి బతికిన."

"భయం గాకేంది అన్నా! ప్లగ్గు నేనే పీకుదునేమో అని చేతులు దాసుకున్న." పేడాల డబ్బాకు మూత పెడుతూ మళ్లీ అంది. "పదేండ్లప్పుడు నేనొకసారి గుంజిన. మా బాపు నీళ్లకు పోయిండు, మంద కాడ నేనొక్కదాన్నే ఉన్న. గొర్రె మొత్తుకుంటుంటే సూడలేకపోయిన. సాయం జేద్దామనే గుంజిన. రెండు పోయినయి."

"బాపు కొట్టిండా?"

"ఒక్క మాట అనలే. తాగనీకి మోసుకొచ్చిన నీళ్లు పోసి, నా చేతులు కడిగిండు."

ఆమె వెళ్లాక కంప్యూటరు తెర మూలన మళ్లీ ఆ చీటీ కనిపించింది. 'ఇప్పుడే' మీద నొక్కి, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను.