రేవులో మిగిలిపోయిన చెప్పులు

మా చిన్నప్పుడు... శనివారం తెల్లారిందంటే రేవంతా చెప్పులే. అప్పనపల్లి గుడికి వెళ్ళే యాత్రికులు మా ఒడ్డున బస్సు దిగి, పడవెక్కి గోదావరి పాయ దాటేవారు. పడవెక్కే ముందు చెప్పులు ఇక్కడే విప్పెయ్యాలి. అవతలి ఒడ్డు నుంచీ స్వామివారి నేలేనని నమ్మకం. ఎవరు పెట్టిన ఆచారమో తెలీదు గానీ, బూట్లు వేసుకొచ్చిన పెద్ద ఉద్యోగులు కూడా మారుమాట్లాడకుండా విప్పేసేవారు.

ఆ చెప్పులు కనిపెట్టుకునుండే పని మా సత్యవతి అత్తది... అంటే మా నాన్నగారి అక్క. గట్టు మీద తాటాకు పాకలో ఆవిడ టిఫిన్ హోటలు. జతకి జత కొబ్బరి పీచుతో ముడేసి, వెదురు దండెం మీద వేలాడదీసేది. అందుకు ఏమీ పుచ్చుకునేది కాదు.

"చెప్పులు మన దగ్గరుంటే మనిషెక్కడికి పోతాడే? తిరిగొచ్చి తినే వెళ్తాడు" అనేది.

అలాగే తినే వెళ్ళేవారు. అత్త చేసే పొట్టిక్కలు అలాంటివి మరి... పనసాకులు బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడితే ఆ వాసనకే సగం ఆకలి తీరేది. శుక్రవారం బడి నుంచి రాగానే నేను ఆకులకి ఈనెపుల్లలు గుచ్చుతూ కూర్చునేదాన్ని. అత్త పప్పు నానబోసేది. నాకు వారానికి అదే పండగ.

నేను ఆరో తరగతిలో ఉండగా ఎగువన ఎక్కడో పడవ మునిగింది. ఆ మర్నాడో ఎప్పుడో, ఓ శనివారం మధ్యాహ్నం మా రేవులో అధికారుల జీపు ఆగింది. ఇక పడవలు తిరగడానికి వీల్లేదన్నారు. వాళ్ళని తప్పు పట్టడానికీ లేదు... మా పడవలో జనం మధ్య గొడుగు విప్పడానికి కూడా చోటుండేది కాదు.

కానీ పొద్దున్న అవతలికి వెళ్ళినవాళ్ళు అవతలే ఉండిపోయారు. వాళ్ళని వ్యాన్లెక్కించి, పి.గన్నవరం మీదుగా చుట్టు తిప్పి ఇళ్ళకి పంపేశారు. ఉత్త కాళ్ళతోనే వెళ్ళిపోయారు పాపం. చెప్పులు మాత్రం అత్త దండెం మీద ఉండిపోయాయి.

వారం పదిరోజుల్లో మొదలెడతార్లే అనుకున్నారు అందరూ. మొదలెట్టలేదు. ముందు రిక్షాలవాళ్ళు అమలాపురం వెళ్ళిపోయారు. పూలకొట్టు మూతపడింది. శనివారం కోసం అరటిపళ్ళు మగ్గబెట్టే రైతు గెలలన్నీ రావులపాలెం పంపేశాడు. పడవ నడిపే ఆయన వలేసుకుని చేపలకి వెళ్ళడం మొదలెట్టాడు. మా రేవుకి గోదావరి ఉంది, గట్టు ఉంది... జనమే లేరు.

అత్త మాత్రం ప్రతి శుక్రవారం పప్పు నానబోస్తూనే ఉంది. ఆ పొట్టిక్కలన్నీ మేమే తిన్నాం. మొదట్లో సంబరంగా తిన్నాం, తర్వాత మొహమ్మొత్తింది.

ఓ రోజు మావయ్య వచ్చి అత్త పక్కన కూర్చుని అన్నాడు.

"అంబాజీపేటలో మా అన్నయ్యకి తెలిసున్న హోటలొకటి ఖాళీ అయ్యిందంట. సెంటరులోనే. మనల్ని రమ్మంటున్నారు. వెళ్ళిపోదామే."

"వద్దండీ" అంది అత్త. "ఊరూరివాళ్ళ చెప్పులు మన దగ్గరున్నాయి. రేపొచ్చి అడిగితే ఇక్కడెవరు సమాధానం చెబుతారండీ?"

మావయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఆ హోటలు ఇంకెవరికో వెళ్ళిపోయింది. చెప్పుల కోసం హోటలు వదులుకున్న మనిషని ఊరంతా నవ్వింది. అత్త అవేమీ పట్టించుకోకుండా, ఎండ కాసినప్పుడల్లా ఆ చెప్పులు దులిపి, బూజు తుడిచి, మళ్ళీ దండేనికి కట్టేది. ఎదురుచూసి ఎదురుచూసి ఆవిడ కళ్ళు కాయలు కాచాయి.

రెండు వానాకాలాలు పోయాక మళ్ళీ పడవ వదిలారు. మొదటి శనివారం అత్త తలంటుకుని, పెద్ద గుండిగ నిండా పిండి కలిపింది. పడవ కూడా తయారుగా ఉంది, కొత్త రంగేసి, నారింజరంగు లైఫ్ జాకెట్లతో... ఎక్కేవాళ్ళే అంతంతమాత్రం. ఈలోపు అవతల తారు రోడ్డు పడింది. బస్సు గుడి దగ్గరికే వెళ్తోంది.

పొద్దెక్కాక ఒక జంట వచ్చారు, వెంట ఒక పిల్ల. కొత్తపేట నుంచట.

"అప్పుడెప్పుడో మా చెప్పులు ఇక్కడ వదిలేసి వెళ్ళిపోయేమండీ... ఉన్నాయాండీ?" అందావిడ మొహమాటంగా.

"ఆయ్, ఉన్నాయండీ! ఎందుకుండవండీ!" అత్త మొహం వెలిగిపోయింది.

దండెం దగ్గరికి తీసుకెళ్ళింది. వాళ్ళ జతలు వాళ్ళు గుర్తుపట్టారు. పిల్లవి ఎర్ర పట్టీల చెప్పులు. అది సరదాగా కాలు పెట్టబోయింది... మడమంతా బయటికొచ్చేసింది. వాళ్ళమ్మ పకపకా నవ్వింది.

"రండి, పొట్టిక్కలు తిని పడవెక్కుదురు గాని" అంది అత్త.

"పడవ ఎక్కమండీ. ఇప్పుడు బస్సు గుడి ముందే దింపేస్తుంది కదండీ. ఈ పక్క చుట్టాలింటికొస్తే గుర్తొచ్చి దిగేం."

అయినా అత్త వాళ్ళకి కొసరి కొసరి వడ్డించింది. ఎర్ర చెప్పులు వదిలేసి వాళ్ళు వెళ్ళిపోయాక, ఆ చిన్న జత ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూలబడింది.

"ఆ పిల్ల పాదం అంత పెరిగేదాకా నేనిక్కడే కూచున్నానే..." అంది నాతో.

నాకు ఏడుపొచ్చింది. అత్త ఏడవలేదు. ఆ వచ్చే శుక్రవారం మాత్రం పప్పు నానబొయ్యలేదు. ఆ తర్వాత పీచు మిల్లులో పనికి కుదిరింది.

ఇప్పుడు గోదావరి దాటడానికి ఎవరూ ఆగక్కర్లేదు. వంతెన మీద కారాపి, ఒక ఫొటో తీసుకుని, చల్లగా వెళ్ళిపోతున్నారు. మంచిదే... ఎవరి సుఖం వాళ్ళది. కానీ కాలు కింద పెట్టకుండా దాటేసేవాళ్ళని చూస్తే అత్త దండెం గుర్తొస్తుంది.

మీలో ఎవరైనా చిన్నప్పుడు ఏ రేవులోనైనా చెప్పులు వదిలేసి తిరిగెళ్ళలేకపోయారా? ఉంటే చెప్పండి... ఆ రేవు మాదే అయితే, అత్త అటక మీద అవి ఇంకా జతలు జతలుగానే ఉన్నాయి.