బాయి దిగని పంతులు

ఈ ప్రయాణానికి కారణం విజ్ఞాన తృష్ణ కాదు, ప్రకృతి ప్రేమా కాదు. నా నోరు.

హైదరాబాదులో, తార్నాకలో, మేం ముగ్గురం ఒక ఇల్లు అద్దెకు తీసుకుని చదువుకుంటున్నాం. నాది మంథని. సంపత్‌ది గోదావరిఖని, వాళ్ళ నాన్న బొగ్గు గనిలో సర్దార్, అంటే కూలీలకంటే ముందు వెళ్ళి కప్పు భద్రంగా ఉందో లేదో చూసే మనిషి. మూడోవాడు జుమా. వ్యవసాయశాస్త్రం చదవడానికి టాంజానియా నుంచి వచ్చాడు. రెండేళ్ళుగా సంపత్ మంచం పక్కనే మంచం వేసుకున్నందువల్ల అతని తెలుగులో నా తెలుగుకన్నా తెలంగాణ ఎక్కువ.

ఒకరోజు వంట చేస్తుండగా, తన తండ్రి బంగారు గనిలో పనిచేస్తాడని జుమా చెప్పాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మాదీ గనుల సీమేనని, నేను చాలాసార్లు బాయి దిగానని అన్నాను. మా వైపు భూగర్భ గనిని బాయి అంటారు. నిజానికి నేను దిగిన బాయి ఒక్కటే. అది మా పెరట్లోది, అదీ జారిపోయిన బకెట్ కోసం. ఉల్లిగడ్డలు కోస్తున్న సంపత్ తలెత్తి నన్ను చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు ఉల్లిగడ్డలవే అనుకున్నాను.

కప్పు కూలబోతోందని ముందే ఎట్లా తెలుస్తుందని జుమా అడిగాడు. పైనుంచి నీటిచుక్కలు పడతాయని, వంద లెక్కపెట్టేలోగా బయటపడాలని చెప్పాను. అతను ఆ మాట ఫోనులో తండ్రికి చేరవేశాడు. ఆయన ఎంతో సంతోషించాడట. మరుసటి ఆదివారం ఇంకో ప్రశ్న పంపాడు. అప్పటినుంచి ఆదివారానికో ప్రశ్న, దానికో అబద్ధం. సముద్రం దాటాలంటే మనుషులకు వీసా కావాలి గాని అబద్ధాలకు అక్కర్లేదు. నావి నాలుగు నెలలుగా దాటుతూనే ఉన్నాయి.

మార్చి చివర్లో సంపత్ మెల్లగా అన్నాడు: "శనివారం మా ఇంటికి పోదాం. బాయిల పని ఎట్లుంటదో మా బాపు చూపిస్తడు."

జుమా అప్పుడే సంచి సర్దడం మొదలుపెట్టాడు. వద్దనడానికి నా దగ్గర ఒకే ఒక్క కారణం ఉంది, అది పైకి చెప్పుకునేది కాదు. ఏ ముఖంతో ఆ ఊళ్ళో దిగాలన్నదే నా బెంగ. జుమా అంతగా నన్ను నమ్మినవాడు మరొకడు లేడు. మా అమ్మ కూడా లెక్కలోకి రాదు.

శనివారం ఉదయం ఎనిమిది దాటాక సికింద్రాబాదులో బండి ఎక్కాం. జనరల్ పెట్టె. వెళ్ళదలచినవారు ఎడమవైపు కిటికీ పట్టుకోండి, పొద్దుటి ఎండంతా కుడివైపువారికే. కాజీపేటలో ఇడ్లీ తిన్నాం. జమ్మికుంటలో ఒక అవ్వ ఎక్కి, జుమా పక్కన చోటు చేసుకుని, ఏ ఊరని అడిగింది. సముద్రం అవతల అని చెప్పాడు.

"మీ దిక్కు ఎండ గిట్లనే కొడ్తదా బిడ్డా?"

"లేదవ్వ, జర తక్కువ."

"మరి గాడనే ఉండకపోయినవా. రామగుండం పోయే టైమేనా ఇది?"

పెద్దపల్లి దాటిన కాసేపటికి కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించాయి. అవి కనిపిస్తే చెప్పులు వెతుక్కోవచ్చు, స్టేషన్ వచ్చినట్టే. పన్నెండున్నరకు దిగి, తలుపు తీసిన పొయ్యిలోకి నడిచినట్టు నడిచి, షేర్ ఆటో ఎక్కి గోదావరిఖని చౌరస్తాకు, అక్కడినుంచి కాలనీలోని క్వార్టర్‌కు చేరాం.

సంపత్ వాళ్ళమ్మ లక్ష్మి చిన్నమ్మ వాళ్ళిద్దరికీ బగారన్నం, కోడికూర వడ్డించింది. మంథని పంతుళ్ళ, అంటే బ్రాహ్మల, పిల్లగాడు వస్తున్నాడని నాకు వేరే గిన్నెలో టమాట పప్పు, వంకాయ కూర. మూడో ముద్ద దగ్గర అవతల ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, బ్లాస్టింగ్ జరిగింది. అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. జుమా, నేను ఒకేసారి లేచి నిలబడ్డాం. చిన్నమ్మ గ్లాసుల వైపు కూడా చూడకుండా కూర గిన్నె జరిపి, ఇంకొంచెం వేసుకోమంది. బాయి దిగినవాడు బ్లాస్టింగుకు లేచి నిలబడతాడా అన్న సంగతి నాకు కూర్చున్నాక తట్టింది.

నాలుగింటికి మొదటి షిఫ్టు దిగి సంపత్ వాళ్ళ బాపు, మల్లయ్య కాక, వచ్చాడు. చాయ్ తాగుతూ నావైపు చూశాడు.

"పంతులూ, నువ్వు గూడ బాయి దిగినోనివేనట. ఏ బాయి?"

"పాతది కాక. ఇప్పుడు మూసేసిండ్రు."

"ఆఁ, మూసినయి మస్తున్నయి" అని చాయ్ ఊదుకున్నాడు.

మర్నాడు ఆయనకు ప్లేడే. ఆదివారం చేసే డ్యూటీకి రెట్టింపు జీతం, దానికే ఆ పేరు. అందులో ఆడేదేమీ ఉండదు. మాకోసం ఆయన దాన్ని వదులుకున్నాడని, వారం ముందే పెద్ద సార్ల చేత కాగితం మీద సంతకం పెట్టించి తెచ్చాడని చిన్నమ్మ చెప్పింది. నా అబద్ధం బరువు అప్పుడు తెలిసింది. అప్పటిదాకా దాన్ని మోసినవాళ్ళంతా వేరేవాళ్ళు.

ఆదివారం ఎనిమిదింటికి ట్రైనింగ్ సెంటర్‌కు నడిచాం. అసలు బాయిలోకి బయటివాళ్ళను పంపరు. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పడానికి నేలమీదే కట్టిన ఉత్తుత్తి బాయి ఒకటి ఉంది: సొరంగం, పట్టాలు, కప్పుకు ఆనించిన కర్రలు, ఒక మూల నిజమైన బొగ్గు గోడ. అది ఉత్తుత్తిదే అయినా వాకిట్లో మా జేబులు తడిమి ఫోన్లు తీసి పెట్టించారు. బీడీ, అగ్గిపెట్టె, ఫోను, ఏదీ లోపలికి పోకూడదన్నది ఇక్కడి అలవాటు. అలవాటుకు అసలు, నకలు తేడా లేదు. తలకు టోపీ, టోపీకి దీపం పెట్టుకుని లోపలికి వెళ్ళాం.

ఇరవై అడుగులు నడిచాక కాక ఆగి, చివర ఇనుప పొన్ను ఉన్న కర్ర ఒకటి నా చేతికిచ్చాడు. కప్పు చూడమన్నాడు. జుమా కళ్ళు పెద్దవి చేసుకుని పక్కన నిలబడ్డాడు. నేను రెండడుగులు ముందుకు వేసి, కాళ్ళు ఎడంగా పెట్టి, కర్రెత్తి నా నెత్తిమీది కప్పును టకటకా కొట్టాను. చప్పుడు కూడా గంభీరంగానే వచ్చింది. ఇంకోసారి కొట్టబోతుంటే వెనకనుంచి నా కాలర్ పట్టుకుని ఎవరో లాగారు. కాక.

"పంతులూ, నువ్వు కొట్టిన కప్పు పడ్తే మొదలు ఎవలి మీద పడ్తది?"

పైకి చూశాను. తర్వాత నా కాళ్ళవైపు చూసుకున్నాను. "నా మీదనే కాక."

"గంతే. ముందుగాల చూసుకున్న కప్పు కింద నిలవడి, ముందర ఉన్నదాన్ని కొట్టాలె. బాయి దిగినోడు ఎన్నడు గాడ నిలవడడు. దిగనోడే నిలవడ్తడు."

మాట పొదుపుగా వాడే మనిషి. తర్వాత, అసలు చీకటి ఎట్లుంటదో చూపిస్తానని అందరి దీపాలూ ఆర్పించాడు. నా చేయి నాకు కనిపించలేదు. ఒప్పుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదనిపించింది. నేనెప్పుడూ దిగలేదని, మీ నాన్నకు చెప్పినవన్నీ కల్పించినవేనని, నన్ను మన్నించమని చీకట్లో జుమా ఉన్నాడనుకున్న వైపు తిరిగి చెప్పాను. జవాబు రెండో వైపు నుంచి వచ్చింది.

"నాకు ఎరుకనే అన్న, సంపత్ ఆ దినమే చెప్పిండు. మా బాబాకు మొదటి రోజే ఎరుకైంది. చుక్కలు లెక్కవెట్టుడు ఇని పొట్ట పట్టుకొని నవ్విండు. గప్పటిసంది ఆదివారం డ్యూటీకి ముంగట షిఫ్టోళ్ళందరు నీ జవాబు ఇననీకె ఫోన్ చుట్టు కూసుంటరు."

దీపం వెలిగించి సంపత్ ముఖంమీద వేశాను. దాంట్లో పశ్చాత్తాపం ఏమైనా ఉందేమోనని వెతికాను, లేదు. కాక మాత్రం నవ్వలేదు. నీకోసం ప్లేడే ఇడ్సిపెట్టిన, అచ్చినందుకు జర మంచిగ నేర్సుకో అని, ఇంకో గంటన్నర నాచేత కప్పు కొట్టించాడు. మంచి కప్పు ఖంగుమంటుంది, చెడ్డది డోలులా మోగుతుంది, రెండో చేయి కప్పుకు ఆనిస్తే అదురు తెలుస్తుంది. కర్రలు ఎప్పుడు ఏం చెప్తాయి, చెప్పినప్పుడు మనిషి ఏం చెయ్యాలి, అన్నీ చెప్పాడు. నా చదువు మొత్తంలో అంత శ్రద్ధగా విన్న తరగతి మరొకటి లేదు.

మూడింటి బండి రామగుండం స్టేషన్లో ఎక్కాం. చిన్నమ్మ సర్వపిండి కట్టి ఇచ్చింది. ఈ ఊళ్ళ గురించి నాకు మిగిలిన ముద్ర అడిగితే ఇదీ: ఇక్కడివాళ్ళు గడియారం చూడరు, షిఫ్టు చెప్తారు, ఎండను తిడతారు గాని భూమిని తిట్టరు, ఎక్కడ నిలబడినా ముందొకసారి పైకి చూస్తారు. బండెక్కాక సీటు మీద కూర్చునే ముందు నేనూ చూశాను. ఫ్యాన్ తిరగడం లేదు.

జమ్మికుంట దగ్గర జుమా ఫోను మోగింది. తండ్రి. స్పీకర్లో వెనకాల చాలామంది గొంతులు, అప్పుడే ఎవరిదో ఆపుకోలేని నవ్వు. ఈ వారం ప్రశ్న జుమా తెలుగులో చెప్పాడు: కప్పుకు ఆనించిన కర్ర కిర్రుమంటే మీ దోస్తు ఏం చేస్తాడు?

నేను తొందరపడలేదు. చేతిలో పని అక్కడే వదిలేస్తానని, సామాను కోసం వెనక్కి తిరగనని, పక్కవాళ్ళను కేకేసి తీసుకుని ముందే చూసుకున్న కప్పు కిందికి వెళ్తానని, సర్దార్ వచ్చి కొట్టి చూసేదాకా ఎవరినీ అటు పోనివ్వనని చెప్పాను.

"గిదేందన్న, నిజం చెప్తున్నవ్?" అన్నాడు జుమా దిగాలుగా.

ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. చెప్పాడు. అవతల ఎవరూ నవ్వలేదు. ఒకరు దగ్గారు. ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు. తండ్రి ఏదో అడిగాడు.

"ఇంకేం లేదా అని అడుగుతుండు" అన్నాడు జుమా.

"ఇంకేం లేదు, జల్ది డ్యూటీకి పొమ్మను" అన్నాను.