పచ్చగా ఉన్నప్పుడే

ఎదురుగా ఆమెను మేడమ్ అనీ, వెనక గడ్డి మేడమ్ అనీ పిలిచేవారు. రెండో పేరు వెటకారంగా మొదలై, పదేళ్లు గడిచేసరికి మర్యాదగా మారింది. ఏ రోజు మారిందో ఆమెకు తెలియదు.

పశువుల ఆసుపత్రిలో ఆమెది సహాయకురాలి ఉద్యోగం. డాక్టరు వారానికి రెండు రోజులు వస్తాడు. మిగతా రోజుల్లో తాళంచెవి, టీకాల ఫ్రిజ్, మందుల బీరువా, తిట్లు అన్నీ ఆమెవే. ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందొక రేకుల పంచ, పంచ పక్కన పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. ఆ చట్రం కడ్డీలు పశువులు రుద్దీ రుద్దీ అద్దంలా నున్నబడ్డాయి.

ఉద్యోగంలో చేరిన రెండో ఎండాకాలంలో ఒక ముసలి రైతు ఆవును తోలుకొచ్చాడు. డొక్కలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. ఆమె జ్వరం చూసింది, కళ్లు చూసింది, పేడ చూసింది. జబ్బు లక్షణం ఒక్కటీ కనిపించలేదు.

"దీనికి జబ్బేమీ లేదు తాతా," అంది.

"అది నాకూ తెలుసమ్మా. ఆకలి తగ్గే సూదేమన్నా ఉంటే వెయ్యి. వాన పడేదాకా చాలు."

వేళాకోళం చేస్తున్నాడేమో అనుకుని ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు. ఏం చెయ్యాలో తోచక బీరువాలో ఉన్న బలం పొడి పొట్లం ఒకటి తీసిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కండువా కొసకు ముడేసుకుని, ఆవును నెమ్మదిగా నడిపించుకు వెళ్లిపోయాడు.

రిజిస్టరులో జబ్బు పేరు రాసే గడి ఖాళీగా ఉండిపోయింది. డాక్టరు వచ్చిన రోజు దాని మీద వేలు పెట్టి అడిగాడు.

"ఇక్కడేమీ రాయలేదేం?"

"ఆకలండీ."

"అది మన జాబితాలో లేదమ్మా," అని పేజీ తిప్పాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. జాబితాలో నిజంగానే లేదు.

ఆ ఏడాదే ఆమెను మూడు రోజుల శిక్షణకు పంపారు. రెండో రోజు మధ్యాహ్నం పాతర గడ్డి మీద పాఠం. పచ్చి మేతను ముక్కలుగా కోసి, గోతిలో గట్టిగా తొక్కి, గాలి చొరబడకుండా కప్పేస్తే పుల్లగా ఊరుతుంది, నెలల తరబడి పాడవదు, మేత దొరకని కాలానికి అక్కరకొస్తుంది అని చెప్పారు. భోజనాలయిన వెంటనే కాబట్టి సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. ఆమె ఎనిమిది ప్రశ్నలడిగింది. చెప్పేవాడికి ఐదింటికే జవాబు తెలిసింది.

తిరిగొచ్చాక పొద్దున్నే పాల కేంద్రం దగ్గర నిలబడి, క్యాన్లతో వచ్చినవాళ్లకల్లా ఈ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పచ్చగా ఉన్న మేతను మట్టిలో పూడ్చమంటుంటే ఎవరికి నవ్వు రాదు? "మేడమ్ పొద్దున్నే అందరికీ గడ్డి పెడుతోంది" అన్నారు. ఆ మాట ఇంటి దాకా వచ్చింది. వెల్డింగ్ షాపు నడిపే మొగుడు కంచం ముందు కూర్చుని, "బయట అందరికీ గడ్డి పెట్టావట, ఇంట్లో నాకు కాస్త అన్నం పెట్టు," అన్నాడు. ఆమె నవ్వలేదు. వడ్డించింది.

మొదట ఒప్పుకున్నది మీసాలాయన. ఆరు పశువులు, రోడ్డు పక్కన మొక్కజొన్న చేను, ముఖానికి మించిన మీసాలు ఆయన ఆస్తి. నలుగురి ముందు అడిగేసరికి కాదనలేకపోయాడు. గొయ్యి తవ్వించాడు, నింపించాడు. తొక్కడం దగ్గర మాత్రం కూలీలు మొక్కుబడిగా అటూ ఇటూ నడిచి పైకెక్కారు. కప్పిన ప్లాస్టిక్ పట్టా ఒక మూల చిరిగితే ఎవరూ చూసుకోలేదు. అందులోంచి వాన నీళ్లు దిగాయి. రెండు నెలలకు మూత తీస్తే నల్లగా, జిగటగా, బూజు పట్టి ఉంది. కంపు వీధి చివర దాకా కొట్టింది. అందులో కాస్త తిన్న ఆవు రెండు రోజులు పారుకుంది.

మీసాలాయన ఆసుపత్రి మెట్ల మీద నిలబడి, పదిమందికీ వినబడేలా, "మేడమ్, మీ చదువు మా దొడ్లో కంపు కొడుతోంది. వచ్చి ఎత్తుకెళ్లండి," అన్నాడు.

ఆమె నిజంగానే పార పట్టుకుని వెళ్లింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని రెండు సాయంత్రాలు గోతిలో దిగి కుళ్లిందంతా ఎత్తిపోసింది. తిట్టినాయన కాసేపు చూసి, చూడలేక, తనూ పార తీసుకున్నాడు. అడుగున ఒక జానెడు మందాన మాత్రం మేత గట్టిగా అణిగి, లేత పసుపు రంగులో, పుల్లటి వాసనతో బాగానే ఉంది. ఆమె గుప్పెడు తీసి, తువ్వాల్లో మూటగట్టి ఇంటికి తెచ్చింది.

ఇంట్లో రెండు గేదెలు, వాటి యజమానురాలు అత్తగారు. అత్తగారి నోటికి ఆ వీధి వీధంతా జడుసుకునేది. ఆవిడ ఆ మూట విప్పి, వాసన చూసి, వేళ్లతో నలిపింది.

"ఇది శుభ్రంగా ఉందే! మరి పైనదంతా ఏం రోగమొచ్చి చచ్చింది?"

"గాలి తగిలింది అత్తయ్యా. సరిగ్గా తొక్కలేదు."

"తొక్కించావా, తొక్కమని చెప్పి వచ్చేశావా?"

ఆమె తువ్వాలు దులిపి మడత పెట్టసాగింది.

"సరే, మన పెరట్లో తవ్వించు. కుళ్లితే మన ముక్కులే కదా పోయేవి."

మొగుడు నాలుగు రోజులు గునపం పట్టి ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గొయ్యి తవ్వాడు. నడుం పట్టేసి ఐదో రోజు షాపు తెరవలేదు. మొక్కజొన్న కండెలో పాలు పట్టగానే కోయించి, మిషను మీద ముక్కలు కొట్టించి, పొర మీద పొర వేశారు. తొక్కడం అత్తగారు తనే చూసుకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లను నలుగురిని పిలిచి గోతిలోకి దింపి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తొక్కించింది, తొక్కింది. ఎవరు కాస్త ఆగినా, "పెళ్లి చూపులకొచ్చావా, నిలబడ్డావేం?" అనేది. పట్టా కప్పి, పైన మట్టి వేసి, పేడతో అలికారు.

అరవయ్యో రోజు తెరిచారు. కంపు లేదు. పెద్ద గేదె వాసన చూసి మొహం తిప్పేసుకుంది. రెండో రోజు వరిగడ్డిలో కలిపి పెడితే గడ్డి ఏరుకు తిని ఇది వదిలేసింది. కోడలి మొహం వాడిపోవడం చూసి అత్తగారు, "ఏం కంగారు పడకు. నా వంటకు నువ్వూ మొదట్లో ఇలాగే మొహం తిప్పావు," అంది. మూడో రోజు గేదెలు తొట్టి నాకాయి.

ఆ ఎండాకాలం అందరి క్యాన్లలో పాలు సగానికి పడిపోయినా, అత్తగారి క్యాను మాత్రం అంతే బరువుగా వెళ్లింది. పాల కేంద్రంలో ఆడవాళ్ల కళ్లు దాని మీద పడ్డాయి. ఆ తర్వాత ఆమె ఉపన్యాసాలు చెప్పాల్సిన పని లేకపోయింది. వాళ్లే పెరట్లోకి వచ్చారు, గుప్పెడు తీసి వాసన చూశారు, అత్తగారి చేత ఓపిగ్గా చీవాట్లు తిన్నారు. మరుసటేడు పదకొండు పాతర్లు, ఆ పైయేడు నలభై. రెండు గేదెలకు ఈ కొలత గొయ్యి నాలుగు నెలలు వస్తుందని, ఎవరి పశువుల్ని బట్టి వాళ్లు కొలత వేసుకోవడం అలవాటైంది. మీసాలాయన మాత్రం ఆ జోలికి పోలేదు.

కొన్నేళ్లు వానలు బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఒక ఏడు మొక్కజొన్న నడుం ఎత్తు వచ్చాక వాన ఆగిపోయింది. ఇరవై ఐదు రోజులు చినుకు లేదు. మధ్యాహ్నానికి ఆకులు గొట్టాల్లా చుట్టుకుంటున్నాయి. ఇంకో వారం పది రోజులు ఇలాగే ఉంటే చేను ఎండుతుంది. ఎండిన చొప్ప పాతరకు పనికిరాదు, అప్పటికి గింజా రాదు. రెంటికీ చెడకుండా ఉండాలంటే పచ్చదనం ఉండగానే కోసి పాతర వెయ్యాలి. కానీ నిలబడి ఉన్న పంటను కోయమని ఎవరితో చెప్పాలి?

ఆమె అందరితోనూ చెప్పింది. మొదటి రెండిళ్లలో "కోస్తే మంచిదేమో" అంది. వాళ్లు సరేనని తలూపి ఊరుకున్నారు. మూడో ఇంటి నుంచి "ఇక వాన రాదు, కోసేయండి" అనడం మొదలుపెట్టింది. అప్పుడు కొడవళ్లు కదిలాయి.

మీసాలాయన దగ్గరికి ఆఖరున వెళ్లింది. ఆయన చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మీసాలు నెరిశాయి.

"ఇప్పుడు కోస్తే మీ ఆరింటికీ ఎండాకాలమంతా మేత ఉంటుందన్నా. కోయకపోతే అదీ ఉండదు," అంది.

"పది రోజుల్లో కండె వేసే చేను. కొడవలెలా పెట్టమంటారు మేడమ్?"

"ఇక వాన రాదన్నా."

"ఖాయమేనా?"

"ఖాయమే."

ఆయన భార్య గట్టు కింద నిలబడి వింటోంది. "ఓసారి సరిగ్గా తొక్కక పోగొట్టుకున్నాం. ఈసారన్నా ఆవిడ చెప్పినట్టు విందాం," అంది. రెండు రోజుల్లో చేనంతా కోసి పాతరేశారు. ఈసారి మీసాలాయనే గోతిలో దిగి తొక్కాడు.

తొమ్మిదో రోజున వాన వచ్చింది. రెండు రోజులు కురిసింది. మీసాలాయన గట్టు అవతల, కోయకుండా వదిలేసిన పక్కింటివాళ్ల చేను మెడలెత్తి నిలబడింది. ఇటు పక్క మోళ్ల మధ్య నీళ్లు నిలిచాయి.

వాన వెలిసిన మర్నాడు ఆయన ఆసుపత్రికి వచ్చి పంచలో బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె ఒక దూడకు సూది వేస్తోంది. వేయడం అయ్యేదాకా ఆగాడు.

"మేడమ్, తొమ్మిది రోజులు ఆగి ఉంటే?"

"సగం పంటన్నా వచ్చేది."

"మరి ఆగమనలేదేం?"

"వాన వస్తుందని నాకు తెలియదు కదన్నా."

"తెలియదన్న మాట ఆ రోజు చెప్పలేదే మీరు."

ఆయన గొంతు పెంచలేదు. లేచి, చెప్పులకంటిన బురద మెట్టు అంచున గీకి, వెళ్లిపోయాడు. ఆమె సూది కడగడానికి వెనక గదిలోకి వెళ్లింది. కడిగిన సూదినే మళ్లీ కడిగింది.

ఇంట్లో చెబితే అత్తగారు, "నువ్వు అబద్ధమాడావా?" అని అడిగింది.

"అబద్ధం కాదు. అలా అంటే గానీ వినరని..."

"విన్నారుగా మరి," అని గేదెల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ వాన తర్వాత మళ్లీ వాన లేదు. కోయనివాళ్లకు గింజ కొంత చేతికొచ్చింది, సన్నగా, పొల్లు ఎక్కువగా. చొప్ప మాత్రం ఎండి గాలికి పిండైంది. ఎండలు ముదిరేసరికి మీసాలాయన పక్కింటివాళ్లు ఐదు పశువుల్లో నాలుగింటిని బేరగాడికి అప్పజెప్పారు. లారీ ఎక్కించేటప్పుడు ఆ ఇంటి ఇల్లాలు బయటికి రాలేదు. మీసాలాయన ఆరూ పాతర గడ్డి తిని నిలబడ్డాయి. కానీ ఆ ఇంట్లో గింజల గది ఖాళీ. ఇంటివాళ్లు తినే గింజ వేరే చోట నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఎవరు బాగుపడ్డారు, ఎవరు చెడ్డారు అని పాల కేంద్రం దగ్గర చాలా రోజులు వాదించుకున్నారు. తేలలేదు. ఆమె ఆ వాదంలో కలగజేసుకోలేదు.

ఆ తర్వాత ఆమె మాట తీరు మారింది. వాన ఎగ్గొట్టినప్పుడల్లా ఇళ్లకు వెళ్లేది, కానీ "ఆ చేను నాదైతే సగం కోస్తాను, సగం ఉంచుతాను. ఇది తప్పు కూడా కావచ్చు," అనేది. కొందరికి ఇది నచ్చలేదు. మునుపు మేడమ్ గట్టిగా ఉండేది, ఇప్పుడు నీళ్లు నములుతోంది అన్నారు. డాక్టరు కూడా అదే మాట అన్నాడు.

"రైతులకు ఖండితంగా చెప్పాలమ్మా. లేకపోతే వినరు."

"విన్నారండీ. ఇబ్బంది అక్కడే వచ్చింది," అంది.

మరుసటేడు మీసాలాయన కబురు పెట్టాడు. వెళ్తే, దొడ్లో రెండు చిన్న గోతులు తవ్వించి ఉన్నాయి, ఒకటి పాడైనా ఇంకొకటి మిగిలేలా. చేను సగం కోశాడు, సగం నిలబెట్టాడు. ఆ ఏడు వాన మొత్తానికే రాలేదు, నిలబెట్టిన సగం నిలువునా ఎండిపోయింది. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. పట్టా మందంగా ఉన్నది ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన భార్య ఇద్దరికీ టీ తెచ్చి, "ఈసారి మీ ఇద్దరిలో ఎవరికీ తెలియదన్నమాట," అని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె టీ తాగడం అదే మొదలు.

ఆ పైయేడు ఆమెకు బదిలీ అయింది. బస్సులో నాలుగు గంటల దూరం. కొత్త చోట ఆసుపత్రి పెద్దది, నాలుగు గదులు, కానీ పాతర అన్న మాట విన్నవాళ్లు లేరు. మొదటి వారం రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంది. రెండో వారం పాల కేంద్రం ఎక్కడుందో కనుక్కుంది. మొగుడు వెల్డింగ్ మిషను లారీలో వేసుకుని వెనకే వచ్చాడు.

అత్తగారు రానంది. పెరట్లో పాతర తెరిచి ఉందని, సగం తిన్న పాతరను వదిలేసి వెళ్లడానికి తనకేమీ మతి పోలేదని కబురు చేసింది. కొడుకు ఫోన్ చేసి బతిమాలాడు. కోడలు బతిమాలలేదు. ఇంకా ఎన్ని అడుగులు మిగిలిందో అడిగి, వేళ్ల మీద లెక్కేసి, "రెండు నెలల పది రోజులు పడుతుంది అత్తయ్యా. మూత సరిగ్గా కప్పుతున్నావా?" అంది.

"నాకు చెప్పేదానివయ్యావా?" అని అటు నుంచి ఫోను పెట్టేసిన చప్పుడు.

రెండు నెలల పన్నెండు రోజులకు అత్తగారు రెండు గేదెలతో వ్యానులో దిగింది. దిగీ దిగగానే ఇల్లు చూడకుండా పెరటి వైపు నడిచి, మడమతో నేలను రెండుసార్లు గట్టిగా తన్ని చూసి, "రాయి తగిలేట్టుంది. వాణ్ణి గునపం తీయమను," అంది.