అమానత్ బల్లి

మణుగూరులో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నవాడికి బల్లికి అన్నం తినిపించే రాత ఉంటుందని ఎవరైనా చెబితే నవ్వేవాడిని. కాలిపోయిన బోరు మోటార్లు, తిరగని ఫ్యాన్లు, మూలిగే మిక్సీలు, ఎండలు ముదిరితే కూలర్లు, ఇదీ నా లోకం. ముందు షాపు, వెనక ఒక గది. నా భార్య పోయాక ఒక్కడికి ఇల్లంతా కిరాయికి ఎందుకని ఆ గదిలోకి మారాను. రోడ్డు మీద బొగ్గు లారీ పోయినప్పుడల్లా గదిలో గిన్నెలు మోగుతాయి. పొద్దు గుంకాక నా గదిలో వినిపించే చప్పుడు అదొక్కటే.

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం, కాలనీలో ఉండే ఆఫీసరుగారి భార్య, కూతురు ఒక గాజు పెట్టె పట్టుకుని షాపుకి వచ్చారు. పెట్టె అడుగున అతికించిన హీటరు షీటు పనిచేయడం లేదట. దేనికి హీటరని తొంగి చూస్తే లోపల ఒక బల్లి. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, దుంపలా బలిసిన తోక. మన గోడ బల్లికి రెప్పలుండవు, దీనికున్నాయి. నింపాదిగా ఒకసారి రెప్ప వేసి తీసి నన్ను చూసింది.

"లెపర్డ్ గెకో, తాతా. చిరుతపులి బల్లి" అంది పాప. రెండో మూడో తరగతి చదివే వయసు.

"గోడ మీద ఊరికే దొరికేదాన్ని కొనుక్కొచ్చారా తల్లీ?" అన్నాను.

తల్లి నవ్వింది. పాప నవ్వలేదు. ఇది గోడలెక్కదనీ, వానాకాలం, చలికాలం కడుపు కింద వెచ్చగా లేకపోతే తిన్నది అరగదనీ నాకు ఓపిగ్గా చెప్పింది. పెట్టె కదిపితే షీటు ఊడేలా ఉంది కాబట్టి మొత్తం ఇక్కడే వదిలి వెళ్లమన్నాను.

షీటు బాగు చేసేలోపే వాళ్ల నాన్నకి బదిలీ వచ్చింది. ఎక్కడో ఉత్తరాదికి. కొత్త క్వార్టరు ఇంకా ఇవ్వలేదనీ, అంత దూరం రైల్లో బల్లిని తీసుకెళ్లలేమనీ తల్లి ఫోన్ చేసింది. "సెలవుల్లో వచ్చి తీసుకెళ్తామండి, అందాకా మీ దగ్గరుంచండి" అంది. బయల్దేరే ముందు పాపని షాపులో దింపి వాళ్లు సామాన్ల పనిమీద వెళ్లారు. ఆ మధ్యాహ్నమంతా పాప స్టూలు మీద కూర్చుని నాకు పాఠం చెప్పింది. పురుగుని చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో ఎలా పట్టుకోవాలి, మొహం ముందు ఎంత దూరంలో ఆడించాలి, తినేటప్పుడు ఎందుకు మాట్లాడకూడదు. కాయిల్ చుట్టడంలో తలనెరిసిన నేను ఆ పిల్ల ముందు పురుగుని రెండుసార్లు జారవిడిచి మూడోసారికి పట్టుకున్నాను.

"నేనొచ్చేదాకా చూసుకుంటారు కదా తాతా?"

"అమానత్ పాపా ఇది. నీది నీకు అప్పజెప్తా" అన్నాను.

అమానత్ అంటే ఏమిటని అడిగింది. నమ్మి మన దగ్గర ఉంచిన వస్తువు. దాన్ని వాడుకోకూడదు, అమ్మకూడదు, అడిగిన రోజు ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలి. మా నాన్న ఈ షాపులో నాకు వైండింగ్ కంటే ముందు నేర్పింది ఇదే. అందుకే ఎవరూ తీసుకెళ్లని ఫ్యాన్లతో, గ్రైండర్లతో నా అటక నిండిపోయింది. పాత ఇనుము కొనేవాడు వచ్చినప్పుడల్లా వాటిని చూసి నిట్టూర్చి పోతాడు. పాపకి ఇదంతా చెబితే శ్రద్ధగా విని తలూపింది.

మొదట్లో నాకు దాని మీద ప్రేమేమీ లేదు, నిజం చెప్పాలంటే విసుగే. కానీ చీకటి పడే వేళకి అది గుహలాంటి కుండపెంకు కిందనుంచి బయటికొచ్చి, గాజు దగ్గర నిలబడి, నేను షట్టరు దించుతుంటే చూసేది. చూసేవాళ్లుంటే మనిషికి ఎంత తేడానో చెప్పలేను. షట్టరు దించడం కూడా కాస్త నీటుగా చేసేవాడిని. హైదరాబాద్ నుంచి పార్సిల్లో వచ్చే పురుగులు పెట్టేవాణ్ని, లైటు దగ్గర దొరికిన కీచురాళ్లు పెట్టేవాణ్ని. కరకర నమిలి, నాలుకతో మూతి తుడుచుకునేది. ఆ వీడియోలు తీసి పాప తల్లికి వాట్సాప్‌లో పంపేవాడిని. మొదట్లో ఎర్ర గుండె బొమ్మలొచ్చేవి. తర్వాత బొటనవేలు. చలికాలం వచ్చేసరికి చూసినట్టు మాత్రం తెలిసేది, జవాబుండేది కాదు. పెద్ద ఊళ్లో పనులుంటాయిలే అనుకున్నాను. దసరా సెలవులు పోయాయి, సంక్రాంతి సెలవులూ పోయాయి. వేసవి సెలవులు ఉన్నాయి కదా అనుకున్నాను.

చలి వెనక్కి తగ్గాక అది తిండి మానేసింది.

చిమటాతో పురుగు ఆడిస్తే ముఖం తిప్పుకుంది. మర్నాడూ అంతే. హీటరు చూశాను, బాగానే ఉంది. పురుగు మార్చాను, కీచురాయి పెట్టాను, చిన్న బొద్దింక పెట్టాను. అన్నిటినీ వాసన చూసి, పెళ్లివిందులో అలిగిన మేనమామలా వెనక్కి తిరిగి కుండపెంకు కిందికి పోయింది. నాకు కోపమొచ్చింది. "నీ బాంచను, ఒక్కటి తిను" అని బతిమాలాను. మర్నాడు తిట్టాను. ఏమన్నా దానికి ఒకటే.

సంత రోజున నా షాపు మెట్ల మీద అడ్డాకుల కట్టలు, చింతపండు పెట్టుకుని కూర్చునే కోయ అవ్వ ఒకామె ఉంది. వాళ్లది అడవిలో గూడెం. నా ముఖం చూసి పలకరించింది.

"ఏంది సాయిబూ, గట్లున్నవ్?"

"తింటలేదు అవ్వా."

"నువ్వా, బల్లా?"

"బల్లి."

"అవ్, బల్లి తినకుంటే ఊరు మునుగుతది మరి. ఎవలది అది?"

"ఒక పాపది. సెలవులకు వస్తది."

తర్వాతి సంతకి అవ్వ ఆకు పొట్లంలో మిడతలు పట్టుకొచ్చింది. అవి పెట్టెలో సుఖంగా కాపురం చేశాయి. ఒకటి ఏకంగా బల్లి తల మీద కూర్చుంది.

"నాతోనే పరాచికాలా దీనికి! మా మనుమలైతే గివి ఏంచుక తింటరు" అని అవ్వ నొచ్చుకుంది.

అంతలో రంజాన్ నెల వచ్చింది. బల్లి పొద్దస్తమానం తినడం లేదని తెలిసి మా వీధి పిల్లలు దానికి రోజా బల్లి, అంటే ఉపవాసమున్న బల్లి అని పేరు పెట్టారు. సాయంత్రం అజాన్ వేళకి ఖర్జూరాలు చేతుల్లో పట్టుకుని నా షాపులో గాజు పెట్టె చుట్టూ చేరేవాళ్లు, అది రోజా విడుస్తుందా అని. అజాన్ వినగానే వాళ్లు తినేవాళ్లు, నేను తినేవాడిని, అది మాత్రం రెప్పలార్పుతూ చూసేది. ఎన్నో ఏళ్ల తర్వాత నేను నలుగురితో కలిసి ఇఫ్తార్ చేసింది ఆ బల్లి పుణ్యాన. పిల్లలు నా నేల మీద గింజలు ఊసి పోయేవాళ్లు. ఊడుస్తూ తిట్టుకునేవాడిని, మర్నాడు వాళ్లు కాస్త ఆలస్యమైతే రోడ్డు మీదికి వచ్చి చూసేవాడిని.

మసీదులో ఒక పెద్దాయనకి ఇది నచ్చలేదు. మేం ఉర్దూలో మాట్లాడుకున్నాం, తెలుగులో రాస్తున్నాను. "బల్లిని ఇంట్లో పెట్టుకుని సాకడమేంటి, ఈ వయసులో?" అన్నాడు. "నాది కాదు, అమానత్" అన్నాను. ఆయన గడ్డం సవరించుకున్నాడు. "అమానత్ అయితే నీ ప్రాణంలా చూసుకోవాలి" అని వెళ్లిపోయాడు. ఆ మాట విన్నాక నా భయం రెట్టింపైంది.

పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో పశువుల దవాఖానాకి వెళ్లాను. బర్రెలు, మేకల మధ్య వరసలో నిలబడితే నవ్వనివాడు పాపి. డాక్టరు కుర్రాడు మంచివాడు. "నేను దీన్ని చదువుకోలేదు పెద్దాయనా" అని ఒప్పుకుని, హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడికి వీడియో కాల్ చేశాడు. ఆయన చూసి నవ్వాడు. ఇది మగదట. ఈ కాలంలో జోడీ కోసం వెతుక్కుంటూ వారాల తరబడి తిండి మానేస్తాయట. తోకలో కొవ్వు దాచుకుంటాయి కాబట్టి తోక మరీ సన్నబడనంత వరకు భయం లేదట. తోడు లేదని తిండి మానేయాలంటే నేను ఎప్పుడో పోవాల్సింది కదా డాక్టరు గారూ అందామనుకున్నాను. దారంతా పెట్టెను పొట్టకి ఆనించుకుని తిరిగొచ్చాను.

ఆ తర్వాత నా చూపంతా తోక మీదే. ఒకరోజు సన్నబడినట్టుండేది, ఒకరోజు లేదనిపించేది. రంజాన్ చివరికొచ్చేసరికి అనుమానం లేదు, తగ్గింది. నాకు నిద్ర పట్టేది కాదు. చచ్చిపోతే ఆ పాప ముఖం ఎలా చూడాలి? వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఏదీ అని అడిగితే ఏం చెప్పాలి? అమానత్‌కి ప్రమాదం వస్తే యజమానికి ముందే చెప్పడం ధర్మం. ఈద్ రోజు నమాజు అయ్యాక, పండుగ పలకరింపు వంకతో పాప తల్లికి ఫోన్ చేశాను.

ఆమె సంతోషంగానే పలికింది. "ఈద్ ముబారక్ అండీ! బాగున్నారా?" అంది. నేను ఉన్న సంగతి చెప్పాను. తిండి మానేసింది, డాక్టరుకి చూపించాను, ఫరవాలేదన్నాడు కానీ తోక తగ్గుతోంది, పాపకి ఒకమాట చెప్పండి అన్నాను.

ఆమె గొంతు తగ్గించింది.

"ఇప్పుడెలా చెప్పనండీ? అయ్యో... పాపకి చచ్చిపోయిందని చెప్పేశామండి. ఎప్పుడో, దసరాకే. ఇక్కడ బడిలో కుదురుకోలేకపోయింది. రోజూ అదే గోల, మణుగూరు వెళ్దాం, బల్లిని తెచ్చుకుందాం అని. వచ్చే వీలు మాకెక్కడిది? పోయిందన్నాం. వారం రోజులు ఏడ్చింది. ఇప్పుడు మర్చిపోయింది, స్నేహితులయ్యారు, బాగుంది."

"నేను వీడియోలు పంపాను కదమ్మా" అన్నాను.

"చూశానండి. పాప కంట పడకుండా తీసేసేదాన్ని. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇక పంపకండి, ఏమనుకోకండి. అది మీరే ఉంచేసుకోండి."

వెనక నుంచి పాప గొంతు వినిపించింది. "ఎవరమ్మా?"

"ఎవరూ కాదు నాన్నా" అంది తల్లి. నాకు "ఉంటానండీ" అంది.

కొత్త బట్టల్లో, అత్తరు పూసుకుని, షాపు స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను. ఆమె మీద కోపం రావాలి. రాలేదు. ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టడానికి ఎవరైనా ఏదో ఒకటి చెబుతారు. కానీ నేను ఇన్నాళ్లూ బల్లి తినాలని తాపత్రయపడ్డది బల్లి కోసం కాదు. ఆ స్టూలు మీద కూర్చుని నాకు పాఠం చెప్పిన పిల్ల మళ్లీ ఒకసారి షాపు మెట్లెక్కాలని. నా గడప తొక్కడానికి కారణం ఉన్న మనిషి ఈ లోకంలో ఆ పిల్ల ఒక్కతే అనిపించేది. ఆ కారణం దసరాకే పోయిందట, నాకు తెలియదు.

బూర్గంపాడులో మా చెల్లెలి ఇంటికి పండుగకి వెళ్లాను. షీర్ ఖుర్మా పెట్టింది. "ఈ రాత్రికి ఉండు భయ్యా, ఇంటికి జల్దీ పోయి ఏం చేస్తవ్?" అంది. ఉండొచ్చు నిజానికి. అయినా చివరి బస్సు ఎక్కాను. రంజాన్ అయిపోయింది కాబట్టి పిల్లలు ఇక రాలేదు. వాళ్లకి పరీక్షలు కూడా.

ఇప్పపూలు రాలే రోజులు గడిచిపోతుండగా, ఒక సాయంత్రం అలవాటుగా చిమటాతో కీచురాయిని పట్టుకుని పెట్టెలోకి దించాను. తింటుందని కాదు. అది గుహలోంచి తల బయట పెట్టింది. తోక చివర సన్నగా వణికింది. ఒక్క దూకు దూకి కీచురాయిని నోట కరిచి, కళ్లు మూసుకుని నమిలి మింగింది. ఇంకొకటి పెట్టాను, అదీ తిన్నది. నాకు కళ్ల నీళ్లొచ్చాయి. సిగ్గేమీ లేదు, షాపులో ఎవరూ లేరు. మూడోది తింటుంటే ఎడం చేత్తో ఫోన్ తీసి వీడియో తీశాను. మొదటిసారి తీసినదానికంటే బాగా వచ్చింది. నాలుకతో మూతి తుడుచుకోవడం కూడా పడింది.

నా వేలు అలవాటుగా పాప తల్లి నంబరు మీదికి పోయింది, అక్కడ ఆగింది. మిగతా నంబర్లన్నీ చూశాను. నేను మనుషుల పేర్లు రాసుకోను, వాళ్ల సామాన్ల పేర్లు రాసుకుంటాను. బోరు మోటార్, ఉషారుగా తిరగని ఫ్యాన్, మిక్సీ టీచరమ్మ, కూలర్ బ్యాంకు. బల్లి తిన్నదని వీళ్లలో ఎవరికి చెప్పను? చెల్లెలికి పంపితే నాకు మతి పోయిందని బావకి చూపిస్తుంది.

పాప ఇప్పుడు బాగుంది. చచ్చిపోయిందనుకున్నది బతికి ఉందని తెలిస్తే మళ్లీ మొదటినుంచి ఏడుపు. మర్చిపోవడానికి ఆ చిన్న ప్రాణం ఎంత కష్టపడిందో ఏమో. దాన్ని చెడగొట్టే హక్కు నాకు లేదు. వాళ్లు నా దగ్గర ఇప్పుడు ఉంచి వెళ్లింది ఆ మరుపు, దాన్ని కూడా ఉన్నది ఉన్నట్టు కాపాడాలి. పొరపాటున వేలు తగిలి పోతుందేమోనని భయపడి ఆ వీడియో తీసేశాను. తీసేసేముందు ఒకసారి మొత్తం చూశాను.

"తిన్నది పాపా" అని పైకే అన్నాను. బల్లి రెప్ప వేసి తీసింది.