ఆర్డిస్ నుట్‌సన్ ప్రెస్ ఎంచుకున్న వేసవి

మా మోంటానా ఊళ్ళో ఏ ఇంటి గ్యారేజీ తలుపు ఎత్తి ఉన్నా లోపల బల్లకు బిగించిన ప్రెస్ ఒకటి కనబడుతుంది. పిడి కిందికి లాగితే పేలిన తూటా తాలూకు ఇత్తడి తొడుగును డై అనే ఉక్కు అచ్చులోకి ఎత్తి, దాని మెడను తిరిగి కొలతకు తెచ్చే యంత్రం అది. తర్వాత తుపాకి మందు తూచి పోసి, పైన గుండు కూర్చోబెడితే తూటా తయారవుతుంది. మెడ వంకరైతే గుండు దారి తప్పుతుంది. తూటాలు దుకాణంలోనూ దొరుకుతాయి. కానీ వెయ్యి గజాల అవతల పది గుళ్ళూ భోజనం పళ్ళెమంత చోటులో పడాలనుకునేవాడు దుకాణం తూటా ముట్టుకోడు.

ఈ పనిని ఆర్డిస్ నుట్‌సన్ చేసినట్టు చేసిన మనిషిని నేను చూడలేదు. ముప్పై రెండేళ్ళు ధాన్యం గిడ్డంగిలో తూకం దగ్గర పనిచేసింది. గోధుమల ట్రక్కు గేటు తిరగగానే దాని టైర్లు చూసి బరువు చెప్పేసేది. తూకం ముల్లు ఆమె మాటకు అటూ ఇటూగా వచ్చి ఆగేది. ఆమెకు డెబ్బై ఒకటి, భర్త ఐనార్ పోయి తొమ్మిదేళ్ళు. ఐనార్ వాడిన ప్రెస్ మీదే నిరుడు శరత్కాలం దాకా మా వెయ్యి గజాల గురి పోటీల్లో మొదటి ముగ్గురిలో ఉండేది.

ఈ ఏడు జూన్‌లో ఆమె పది గుళ్ళలో మూడు ఎటో పోయాయి. జూలైలో నాలుగు. అందరూ ఒక్కసారిగా మర్యాదగా మారిపోయారు, కుర్చీలు జరిపి ఇచ్చారు. ఆమెకు అదే గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే నా లేత్ షెడ్డుకు వచ్చింది.

"మెర్ల్, ఆగస్టు పోటీకి మూడు వారాలుంది. ఈలోగా ఒకటి తేల్చుకోవాలి. తప్పు చేతిదైతే రైఫిల్ అమ్మేస్తా. పనిముట్టుదైతే ఇంకో ప్రెస్ కొంటా."

"ప్రెస్ మీద మాట రానివ్వకు," అన్నాను. "జనవరిలో నేనే కదా బాగు చేసింది! తొడుగును ఎత్తే కడ్డీ చుట్టూ గన్‌మెటల్ బుష్ వేసి, లూజంతా తీసేశాను. ఇప్పుడు ఆ కడ్డీ పక్కన వెంట్రుక కూడా దూరదు."

"అయితే చెయ్యేనంటావ్."

నేను లేత్ మీది ఇనుప రజను ఊడవసాగాను. ఆమె తనకు కావలసిన జవాబు దొరికినట్టే తల ఊపింది.

ఆమె చెయ్యి వేరే ప్రెస్ మీద ఎలా ఉందో చూద్దామని, ముందు మాతో పోటీల్లో కాల్చే డ్వేన్ ప్రూయెట్ గ్యారేజీకి వెళ్ళాం. ఊళ్ళోకెల్లా కొత్తది, బరువైనది అతని ప్రెస్. ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. మావాళ్ళు తమ ప్రెస్ మీద పక్కవాడి చెయ్యి పడనివ్వరు, అయినా డ్వేన్ తన డై విప్పి పక్కన పెట్టాడు.

"లాగమ్మా, ఎంత కావాలంటే అంత లాగు. కాకపోతే మెల్లగా, అది నన్ను కూడా ఒకసారి పడేసింది."

"నువ్వు పడ్డది బీరు తాగి, డ్వేన్."

ఆమె తన డై బిగించి ఇరవై తొడుగులు లాగింది. తర్వాత చేసిన పని చూడ్డానికి డ్వేన్ దగ్గరికి జరిగాడు. ఒక్కో తొడుగునూ రెండు వేళ్ళ మధ్య తిప్పి, మెడ దగ్గర చిటికెనవేలు ఆనించి, రెండు వరుసలుగా పేర్చింది. "ఇవి కాస్త వంకర. ఇవి బాగా వంకర." నేను వంకర కొలిచే డయల్ గేజి తీసి చూశాను. మొదటి వరుస మూడు థౌలు, రెండో వరుస ఐదు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మన తల వెంట్రుక మందం మూడు థౌలు. ఇరవైలో రెండు మాత్రమే వరుస తప్పాయి. నేను ముప్పై ఏళ్ళుగా లోహంతో బతుకుతున్నాను. నా వేలికి ఆ తేడా తెలియదు.

అదే ప్రెస్ మీద తన డైతో డ్వేన్ లాగితే ఒక్కటీ రెండు థౌలు దాటలేదు. అతను నేల చూస్తూ, "మా అమ్మకీ ఈ వయసులోనే భుజం..." అన్నాడు.

"మీ అమ్మ రైఫిల్ కాల్చేదా?"

"లేదు, పిండి పిసికేది."

"మంచిది," అంటూ ఆర్డిస్ తొడుగులు డబ్బాలో వేసుకుంది. ట్రక్కులో దారి పొడవునా ఆ డబ్బా ఒళ్ళోనే పెట్టుకుంది. మా షెడ్డు ముందు ఆగాక, "రైఫిల్ ఎవరికైనా కావాలేమో కనుక్కో," అంది.

నేను లోపలికి పిలిచి కాఫీ పోశాను. కప్పు పెట్టడానికి చోటు వెతుకుతూ బల్ల చివర నేను బేరింగులు నొక్కడానికి వాడే పాత తూటాల ప్రెస్ మీద చెయ్యి వేసింది. అది కదిలింది. మళ్ళీ కదిపి చూసింది.

"ఇదేంటి, కీలు ఊడిన గేటులా ఊగుతోంది?"

"దాన్ని చూడకు, సిగ్గేస్తుంది. తీరిక దొరికితే దానికీ బుష్ వేద్దామనుకుంటున్నా."

ఆమె కప్పు కింద పెట్టేసింది. "ఐనార్‌ది కూడా నువ్వు ముట్టుకోకముందు ఇలాగే ఊగేది."

ఆమె జేబులోంచి డై తీసి ఆ ప్రెస్‌కు బిగించింది. ఇరవై లాగింది. అదే చెయ్యి, అదే డై. ఈసారి వేళ్ళ మధ్య తిప్పుతూ రెండో వరుస మొదలే పెట్టలేదు. గేజి ముల్లు ఒక్క థౌ దగ్గర వణికి ఆగింది. కొన్నిటికి అదీ లేదు. నమ్మలేక గేజిని తుడిచి మళ్ళీ కొలిచాను.

ఆ సాయంత్రం ఆమె డైని లేత్ మీద పెట్టి చూశాను. ప్రెస్‌లోకి బిగించే దాని మర పుట్టుకతోనే వెంట్రుకవాసి ఓరగా ఉంది. పాత ప్రెస్‌లోని లూజు ఇన్నేళ్ళూ ఆ ఓరకు చోటిచ్చింది, తొడుగు తనంత తాను డై నోటికి ఎదురెళ్ళింది. నేను లూజు తీసేసరికి దానికి తప్పుకునే దారి లేక మెడ వంగింది; డ్వేన్ బిగువు ప్రెస్ మీదా అదే జరిగింది. లూజు కనబడితే తీసేయకుండా ఉండలేని లేత్‌వాడు చేసే తప్పు ఇది. ఎంత బాగా చేస్తే అంత పెద్ద తప్పు.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. "నా వల్లే. బుష్ తీసి, కాస్త వదులుగా తొలిచి మళ్ళీ ఇస్తాను."

"ఆ లూజు ఐనారూ నేనూ నలభై ఏళ్ళు లాగితే వచ్చింది, మెర్ల్. నువ్వు ఒక పూటలో తొలిస్తే వస్తుందా?"

"పోనీ, కొత్త డై?"

"ఈ డై నా రైఫిల్ గొట్టం కొలతకి చేయించింది. దీన్ని మార్చను. దీనికి చోటిచ్చే ప్రెస్ కావాలి. నీ పాతది నీ బేరింగులకే ఉండనీ."

నూట పది మైళ్ళ దూరంలోని తుపాకుల దుకాణానికి వెళ్ళాం. కౌంటర్ వెనక మనిషి అన్నిటికన్నా పెద్ద ప్రెస్‌ను తట్టి చూపించాడు. "ఇది తీసుకోండి మేడమ్, బల్ల విరగాలి గాని ఇది కదలదు."

"నేను లంగరు కొనడానికి రాలేదు బాబూ."

నాలుగు డైలు ఒకేసారి పట్టే తిరుగుడు తల ప్రెస్ చూపించాడు. ఆమె పిడి పూర్తిగా లాగి, తొడుగుకు చోటివ్వడం మాని డై ఉన్న తలే వెనక్కి లేవడం చూసి వదిలేసింది. మూల అరలో ఎవరో వాడి అమ్మేసింది ఒకటి ఉంది. అందులో డై మరతో బిగియదు, గాడిలోకి జారి కూర్చుంటుంది. తొడుగును పట్టే దవడలు అటూ ఇటూ తేలుతుంటాయి. ఆర్డిస్ తొడుగు పెట్టి వేలితో నెట్టింది. అది పక్కకు జరిగి, పిడి లాగగానే డై నోట్లోకి తనంతట తానే దారి చూసుకుంది. ఆమె కళ్ళు మూసుకుని ఆరుసార్లు లాగింది. ఆ మనిషి ఏదో చెప్పబోతే నేను చెయ్యెత్తి ఆపాను.

"ఇది," అంది.

ఆగస్టు పోటీలో కందకం పని నాకు పడింది. మాలో వంతులవారీగా కొందరం వెయ్యి గజాల అవతల మట్టికట్ట వెనక కందకంలో ఉండి, ప్రతి గుండుకూ గురికాగితం కిందికి దించి, రంధ్రంలో గుర్తు బిళ్ళ పెట్టి పైకెత్తాలి. అక్కడ తుపాకీ ముందు వినబడదు. తల మీద గాలి చిట్లిన చప్పుడు వస్తుంది, కాగితంలో చిల్లు ఉంటుంది. మోత తర్వాత ఎప్పుడో, ఎవరో దూరాన తలుపు వేసినట్టు వస్తుంది.

ఆమె మొదటి గుండు నడి మధ్యకు రెండు వేళ్ళ కింద పడింది. రెండోది దాని పక్కనే. మూడోదానికి కాగితం దించి చిల్లు కోసం వెతికాను. మొదటి చిల్లు అంచునే కొరుక్కుంటూ పోయింది. ఏడోది కాస్త ఎడమకు జరిగింది, ఎనిమిది మళ్ళీ గుంపులోకి వచ్చింది. పక్క గురి దగ్గరున్న డ్వేన్ తన పని వదిలేసి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. పదోదాని తర్వాత ఇద్దరం అంగుళాల టేపు పట్టాం. అటు చివర నుంచి ఇటు చివరకు ఏడంగుళాలు. ఇంకోసారి పట్టాం.

నేను ట్రక్కెక్కి కాల్చే చోటికి వెళ్ళాను. ఆర్డిస్ చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని వేడి తొడుగులు ఏరుకుంటోంది.

"ఏడంగుళాలు," అన్నాను.

"ఏడోది ఎడమకి పోయింది కదా?"

"పోయింది."

"గాలి మారింది. జెండా చూస్తూనే ఉన్నా, అయినా నొక్కేశా." ఆమె మొహం వెలిగిపోతోంది. "అది మాత్రం అచ్చంగా నా చెయ్యే!"